మామకు గ్లూకోజు సీసా ఎక్కించడం నా తప్పేనా?

ఉత్తరం: "అక్కా, మాది పరకాల దగ్గర ఊరు. మా మామకు 62 ఏండ్లు. మూడు నెలల కింద గుండెపోటొస్తే హనుమకొండల స్టెంట్ వేసిండ్రు. పంపింగ్ 35 ఉన్నది, పైలం అని చెప్పి పంపిండ్రు. కొన్ని దినాలు మంచిగనే ఉన్నడు. తర్వాత కాళ్లు ఉబ్బినయి, నీరసమని మంచంల నుంచి లేస్తలేడు. మా ఊరి ఆర్‌ఎంపీని పిలిచి రెండు గ్లూకోజు సీసాలు ఎక్కిపిచ్చిన. ఆ రాత్రే ఊపిరాడక లేచి కూసున్నడు. 108ల తీసుకపోయినం, ఐదు రోజులు దవాఖానల ఉండి వచ్చిండు. సీసా నువ్వే ఎక్కిపిచ్చినవని ఆడబిడ్డ నన్ను అంటున్నది. మా ఆయన దుబాయిల ఉంటడు, రోజూ రాత్రి ఫోన్ చేసి బాపు ఎట్లున్నడని నన్నే అడుగుతడు. ఉప్పు లేని కూడు ఎట్ల తింటడని అత్తమ్మ కొట్లాడుతది. డాక్టరేమో నీళ్లు తక్కువ తాగాలె అన్నడు, చుట్టాలు బాగ తాగాలె అంటరు. మామ సర్వపిండి చేసి పెట్టుమంటడు. నేను డిగ్రీ చదివిన గని నర్సును కాదు. ఏం చూసుకోవాలె, ఎట్ల చూసుకోవాలె?"

చెల్లె, ముందు సీసా సంగతే మాట్లాడుకుందాం. నీ ఉత్తరమంతా దాని చుట్టే తిరిగింది.

ఆ సీసాలు ఎక్కించకుండా ఉండాల్సింది. అది నిజం, నిన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పను. కానీ పంపింగ్ తక్కువున్న మనిషికి సీసా ఎక్కించొద్దన్న మాట డిశ్చార్జి రోజు మీ ఇంట్లో ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. మందుల సంచి చేతిలో పెట్టి, ఫైలు ఇచ్చి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపుతారు. బయట ఆటో ఆగి ఉంటుంది, పక్క మంచానికి కొత్త పేషెంట్ వచ్చి ఉంటాడు. నేను వరంగల్‌లో 31 ఏళ్లు నర్సుగా చేశాను, అందులో సగానికి పైగా గుండె వార్డుల్లోనే. ఆ తొందరలో నేనూ ఎంతమందికి ఈ మాట చెప్పకుండా పంపానో లెక్క లేదు.

నువ్వు ఎక్కించిన సీసా ఏ రకమో రాయలేదు. మన ఊళ్లలో నీళ్లలాగా తెల్లగా కనబడే ప్రతి సీసా పేరూ గ్లూకోజే కదా. అది నార్మల్ సెలైన్ అయితే అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు కరిగి ఉంటుంది. డీఎన్‌ఎస్ అని రాసి ఉంటే అంతే ఉప్పు, దాంతో పాటు 25 గ్రాముల చక్కెర. ఉప్పు లేని ఉత్త గ్లూకోజు సీసా కూడా ఉంటుంది. అందులో ఉన్న 'బలం' ఆ 25 గ్రాముల చక్కెరే, అంటే ఐదారు చెంచాలు. దానికోసం అర లీటరు నీళ్లు నరంలోకి పోతాయి. ఇప్పుడు మీ మామ లెక్క చూడు. ఆరోగ్యంగా ఉన్న మనిషే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రెండు సెలైన్ సీసాలంటే 9 గ్రాములు, పైన లీటరు నీళ్లు. కూరలో చిటికెడు ఉప్పు కోసం కొట్లాట జరిగే ఇంట్లో అవి సెలైన్ సీసాలే అయితే దాదాపు రెండు రోజుల ఉప్పు ఒక్క పూటలో నరంలోకి పోయినట్టు. అప్పటికే వచ్చిన నీళ్లను తోడలేక తడబడుతున్న గుండె అది. తోడలేని నీళ్లు వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి చేరాయి. రాత్రి ఆయన లేచి కూర్చున్నది అందుకే.

నా సంగతీ చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక చిన్న ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ. గుండె జబ్బున్న పెద్దమనిషికి డాక్టర్ చాలా నెమ్మదిగా ఎక్కించమన్న సీసా పెట్టి వచ్చాను. తొందరగా అయిపోతే తెల్లారి ఇంటికి పోవచ్చని ఆయన కొడుకు ట్యూబుకు ఉండే చక్రాన్ని పూర్తిగా తిప్పేశాడు. నేను గంటకోసారి పోయి చూడాలి, చూడలేదు. రెండు గంటలకు పిలుపొచ్చి పోయేసరికి సీసా ఖాళీ, ఆయన నోటి దగ్గర గులాబీ రంగు నురగ. మనిషి బతికాడు, నా అదృష్టం. ఇప్పటికీ ఎవరినైనా పలకరించడానికి ఆస్పత్రికి పోతే నా కళ్లు ముందు ఆ చక్రం మీదికే పోతాయి. మీ ఆడబిడ్డ ఈసారి ఏమన్నా అంటే ఈ కథ చదివి వినిపించు.

మరి నీరసానికి ఏం చేయాలి? అన్నిటికంటే ముందు, దాన్ని తిండి తక్కువై వచ్చిన నీరసం అనుకోవద్దు. గుండె తోడే రక్తం తగ్గినా నీరసమే, రాత్రి ఆయాసంతో నిద్ర లేకపోయినా నీరసమే, మాత్రలతో బీపీ మరీ దిగినా, ఒంట్లో పొటాషియం తగ్గినా నీరసమే. ఒక్కోదానికి ఒక్కో మందు, సీసా మాత్రం వీటిలో దేనికీ మందు కాదు. మీ ఆర్‌ఎంపీతో తగువు పెట్టుకోవద్దు, అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది ఆయనే. పక్కన కూర్చోబెట్టి మర్యాదగా చెప్పు. అంతకంటే మంచిది, ఫైలు అట్ట మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసిపెట్టు: గుండె పంపింగ్ తక్కువ, పెద్ద డాక్టర్ చెప్పకుండా సీసా వద్దు, నొప్పుల సూది వద్దు. నొప్పుల సూది ఎందుకు వద్దంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల మందులు ఒంట్లో ఉప్పును, నీళ్లను పట్టి ఉంచుతాయి, కిడ్నీల మీదా పడతాయి. మోకాళ్ల నొప్పికి ఒక్క సూది వేయించుకుని కాళ్లు ఉబ్బి వచ్చినవాళ్లను చాలామందినే చూశాను. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. గుండెకు రోజూ ఇచ్చే చిన్న ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) వేరే సంగతి, దాన్ని మాత్రం ఆపొద్దు.

ఇక 35. మన దగ్గర 35 అంటే పాస్ మార్కు. అందుకే కొందరు పర్వాలేదు, గట్టెక్కాడు అనుకుంటారు. ఇంకొందరు నూటికి 35 ఏనా అని ఏడుస్తారు. ఇది నూటికి వేసే మార్కు కాదు చెల్లె. గుండె నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్క దెబ్బకు ఎంత శాతం బయటికి తోస్తుందో ఆ లెక్క. మంచి గుండె కూడా మొత్తం ఖాళీ చేయదు, 55 నుంచి 70 దాకా తోస్తుంది. అంటే మీ మామ గుండె సగం కంటే కొంచెం ఎక్కువ పని చేస్తోంది. స్టెంట్ మూసుకుపోయిన నాళాన్ని తెరిచింది, అంతే. పోటు వచ్చినప్పుడు చచ్చిపోయిన కండ తిరిగి రాదు. దెబ్బతిని మొద్దుబారిన కండ మాత్రం మందులతో నెలల మీద కోలుకోవచ్చు. అందుకే కొన్నాళ్లకు మళ్లీ ఎకో, అంటే గుండె స్కానింగ్ తీస్తారు. మూడు నెలలు అయ్యాయంటున్నావు, ఈసారి పోయినప్పుడు ఎకో ఎప్పుడు తీస్తారని అడుగు.

ఏం చూసుకోవాలి అని అడిగావు. వార్డులో మేం చేసేదాంట్లో సగం పని చూడటం, చూసింది రాయడం. ఎంత తాగాడు, ఎంత మూత్రం పోశాడు, నాడి ఎంత, ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నాడు. డాక్టర్ పొద్దున వచ్చి ముందు చదివేది ఆ కాగితమే. అది నువ్వూ చేయగలవు, దానికి నర్సింగ్ చదవాల్సిన పని లేదు. నూరు పేజీల నోటు పుస్తకం ఒకటి, బరువు చూసే మిషన్ ఒకటి కొను. మిషన్‌ను చాప మీదో పరుపు మీదో కాకుండా గట్టి బండల మీద పెట్టు. పొద్దున లేచి మూత్రానికి పోయి వచ్చాక, చాయ్ కూడా తాగకముందే, రోజూ ఒకే రకం బట్టలతో మామను ఎక్కించి వచ్చిన అంకె రాయి.

మనిషిని తూకం వేయడం మనకు కొత్తేం కాదు. మేడారం మొక్కు తీర్చుకోవడానికి నిలువెత్తు బంగారమని బెల్లంతో తూగిన మనుషులం. మామ సణిగితే అదే చెప్పు. వారం రోజుల్లో అలవాటైపోతుంది.

ఈ తూకం దేనికంటే, ఒంట్లో నీరు చేరితే కాళ్ల కంటే ముందు అంకెలో కనబడుతుంది. లీటరు నీళ్లంటే కిలో బరువు. కాళ్లు ఉబ్బి చెప్పు పట్టేసే నాటికి లోపల లీటర్ల కొద్దీ చేరి ఉంటుంది. డిశ్చార్జి రోజు ఆయన బరువు ఫైల్లో రాసి ఉందేమో చూడు, నీ పుస్తకం మొదటి పేజీలో అది ఉండాలి. ఒక్క రోజులో కిలోకు మించి పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా ఆగొద్దు, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఆ పెరిగింది ఒళ్లు చేయడం కాదు, మూడు రోజుల్లో ఎవరూ రెండు కిలోలు ఒళ్లు చేయరు. బాగా తింటున్నాడు, బరువెక్కాడని సంతోషపడి వారం ఆగినవాళ్లు రాత్రి పూట అంబులెన్సులో వస్తుంటారు.

అంకె పక్కన ఇంకో రెండు మాటలు రాయి. ముంగాలు ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీస్తే గుంట పడుతోందా, పడితే చీలమండ దగ్గరేనా, మోకాలి దాకానా? నిన్న రాత్రి ఎన్ని దిండ్లు? ఒక దిండుతో పడుకునే మనిషి రెండు అడిగితే, రెండున్న మనిషి మూడు అడిగితే, అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చుంటే అది మందు లెక్క మార్చాల్సిన సమయం. దగ్గు కూడా చూడు. పడుకుంటే ఎక్కువయ్యే దగ్గు నీళ్లదయి ఉండొచ్చు. గుండెకు, బీపీకి ఇచ్చే రామిప్రిల్ జాతి మాత్రలు కొందరికి రాత్రీ పగలూ తేడా లేకుండా గొంతులో గరగరమంటూ పొడి దగ్గు తెప్పిస్తాయి. రెండోదానికి మాత్ర మారుస్తారు, దగ్గు సిరప్ తాగించి లాభం లేదు. బీపీ మిషన్ ఇంట్లో లేకపోతే పల్లె దవాఖానలో చూస్తారు, ఆశమ్మను అడుగు.

ఇప్పుడు ఉప్పు. దీని మీద ఎక్కువ రాస్తున్నానని విసుక్కోవద్దు. మందులు సరిగ్గా మింగినా మళ్లీ మళ్లీ ఆస్పత్రికి వచ్చేవాళ్లు ఎక్కువగా వచ్చేది ఈ ఉప్పు వల్లే, సంక్రాంతి సకినాలు అయిపోయాక ఇంకా ఎక్కువ మంది వస్తారు. మీ అత్తమ్మ మాటలో న్యాయం ఉంది. నలభై ఏళ్లు వండి పెట్టిన చేయి, ఉప్పు తగ్గిస్తే మొగుడికి తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. అందుకని ఆమెతో వాదించకుండా ఆమెకే పని అప్పజెప్పు. డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం మామ వాటా ఉప్పు పొద్దునే చిన్న స్టీలు డబ్బాలో పోసి ఆమె చేతికివ్వు. రోజు మొత్తానికి చెంచా నిండకూడదు. కూర పొయ్యి మీద ఉండగానే, ఉప్పు వేయకముందు మామ గిన్నె వేరే తీసేయాలి. అందులో ఆ డబ్బాలోది ఎంత వేయాలో, ఏ పూటకు ఎంత మిగిల్చాలో ఆమె ఇష్టం. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. ఇంట్లో ఇంకెవరి మాటా వినని పెద్దవాళ్లు కూడా డబ్బా మాట వింటారని నా అనుభవం.

రుచి దేనితో తేవాలంటే, మన వంటలో ఉప్పొక్కటే లేదు కదా. చింతపండు పులుపు, నిమ్మకాయ, ఎల్లిపాయ, జీలకర్ర, ధనియాల పొడి, వేయించిన నువ్వుల పొడి, కరివేపాకు తాలింపు. మొదటి రెండు మూడు వారాలు గడ్డి తిన్నట్టుందని అంటాడు. తర్వాత నాలుక మారుతుంది, పెళ్లి భోజనం ఉప్పగా ఉందని ఆయనే అంటాడు. మామిడికాయ తొక్కు మాత్రం మానేయాల్సిందే, కడిగి పెట్టినా కుదరదు, ఉప్పు ముక్క లోపలికంటా పోయి ఉంటుంది. పాపడాలు, వడియాలు, ఎండు చేపలు, కారప్పూస, మిరపకాయ బజ్జీలు కూడా అంతే. సైంధవ లవణం మంచిదంటారు, అదీ ఉప్పే. గుండెకు మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు ఇంకా చిక్కు. అందులో సోడియం తీసిన చోట పొటాషియం వేస్తారు. మీ మామ మాత్రల్లో రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటివి ఉంటే అవే ఒంట్లో పొటాషియం పెంచుతాయి. రెండూ కలిస్తే గుండె లయ తప్పే దాకా పోవచ్చు. పలకరించడానికి వచ్చేవాళ్లు తెచ్చే కొబ్బరి బొండాల్లోనూ పొటాషియం దండిగా ఉంటుంది. బొండాలు పిల్లలకు కొట్టివ్వు.

ఈనో గురించి కూడా చెప్పాలి. కడుపుబ్బరమని నీళ్లలో కలిపి బుసబుస పొంగగానే తాగేస్తారు. అందులో ఉండేది సోడా, అంటే సోడియమే. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఒకసారి పోటు వచ్చిన మనిషికి రొమ్ము మధ్యలో పట్టేసినట్టు ఉంటే గ్యాస్ అనుకుని ఈనో తాగించి అరగంట చూడటం. ఆ అరగంట గుండె కండది, ఈనోకు ఇవ్వొద్దు.

నీళ్ల విషయంలో మీ చుట్టాలు మంచి మాటే చెప్పారు, కాకపోతే వేరే మనిషికి చెప్పాల్సింది. డాక్టర్ ఎంత చెప్పారో ఫైల్లో అంకె ఉంటుంది. ఇలాంటి వాళ్లకు సాధారణంగా లీటరున్నర, రెండు లీటర్ల మధ్య చెప్తారు. అంకె లేకపోతే అడిగి రాయించుకో. ఆ లెక్కలోకి చాయ్, మజ్జిగ, పప్పుచారు, అంబలి, మాత్రలు మింగే నీళ్లు అన్నీ వస్తాయి. పచ్చిపులుసు అయితే నీళ్లూ ఉప్పూ రెండు ఖాతాల్లోనూ పడుతుంది. నేను చెప్పే పద్ధతి ఇది: చెప్పినన్ని నీళ్లు పొద్దునే ఒక సీసాలో నింపు. చాయ్ ఇచ్చినా మజ్జిగ ఇచ్చినా ఇచ్చినంత కొలత నీళ్లే ఆ సీసాలోంచి తీసి చెట్టుకు పోసెయ్. సీసాలో మిగిలింది ఆయనది. పెద్ద చెంబు తీసేసి చిన్న గ్లాసు పెట్టు. గొంతు ఎండితే పుక్కిలించి ఉమ్మడం, లవంగం బుగ్గన పెట్టుకోవడం పనికొస్తాయి.

ఎండాకాలం మాత్రం ఈ లెక్క గుడ్డిగా పట్టుకోవద్దు. మన దిక్కు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, చెమటలోనే చాలా పోతుంది. బరువు రోజురోజుకూ తగ్గుతూ, నిలబడితే కళ్లు తిరుగుతూ, మూత్రం చిక్కగా తక్కువగా వస్తుంటే ఒళ్లు ఎండిపోతోందని అర్థం. అప్పుడు నీళ్ల మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంలో పంపే మాత్ర) తగ్గించాలో, నీళ్లు పెంచాలో డాక్టర్ చెప్తారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే, అదే రోజు ఫోన్ చేయాలి. నీ పుస్తకంలో అంకెలుంటే ఆ ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోతుంది.

మాత్రల దగ్గర నేను భయపడేది ఒక్కదానికే. ఆస్పత్రి దుకాణంలో కొన్న మాత్ర ఒక పేరుతో, పరకాలలో కొన్నది ఇంకో పేరుతో, లోపల మందు మాత్రం ఒకటే ఉంటుంది. రెండూ సంచిలో ఉంటే రెండూ మింగిస్తారు. నాడి 45కు పడిపోయి వచ్చిన ఒక పెద్దాయన సంచిలో ఒకే మందు మూడు పేర్లతో దొరికింది. రెండోసారి దవాఖానకు పోయి వచ్చారు కాబట్టి మీ సంచిలో పాతవీ కొత్తవీ కలిసే ఉంటాయి. అన్నీ మంచం మీద పోసి, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూసుకుంటూ కొత్త చీటీతో సరిపోల్చు. అర్థం కాకపోతే అట్టలన్నీ తీసుకుపోయి డాక్టర్ ముందు పెట్టు.

స్టెంట్ ఉంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు ఇచ్చి ఉంటారు, ఒకటి ఎకోస్ప్రిన్, ఇంకోటి క్లోపిడోగ్రెలో టికాగ్రెలారో. పోటు తర్వాత వేసిన స్టెంట్‌కు ఆ రెండూ మామూలుగా ఏడాది వాడాలి. పన్ను పీకించుకోవాలన్నా గుండె డాక్టర్‌ను అడగకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు, మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టొచ్చు. నల్లటి జిగురు విరేచనం అయితే మాత్రం వెంటనే చూపించాలి. మెటోప్రొలాల్ లాంటి నాడి తగ్గించే మాత్రనూ ఉన్నట్టుండి ఆపకూడదు. నీళ్ల మాత్ర పొద్దున వేయాలి, రెండో పూట కూడా రాసి ఉంటే సాయంత్రం నాలుగు లోపు. లేకపోతే రాత్రంతా లేచి దొడ్లోకి నడవాలి, చీకట్లో కాలు జారుతుంది. మన మగవాళ్లు పెళ్లికో సంతకో పోయే రోజు బస్సు ఆపలేమని ఈ మాత్రే ఎగ్గొడతారు. ఎగ్గొట్టే బదులు, ఆ రోజు ఇంటికి వచ్చాక వేయవచ్చా అని ముందే అడిగి పెట్టుకో.

నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ రాసిచ్చి ఉంటే ఎలా వాడాలో ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీ నొప్పి రాగానే ముందు కూర్చోబెట్టాలి, నిలబెట్టి ఇస్తే బీపీ పడి మనిషి పడిపోతాడు. పైబీపీ 90 కంటే తక్కువుంటే ఇవ్వకూడదు. మగతనానికి వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉన్నా ఇవ్వకూడదు. ఇది కోడలు మామను అడిగే ప్రశ్న కాదు, ఫోన్‌లో కొడుకే అడగాలి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108. మళ్లీ ఆ రాత్రిలాగా ఆయాసం వస్తే వీపుకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు మంచం కిందికి వేలాడదీయి. పడుకోబెట్టొద్దు, కాళ్ల కింద దిండ్లు పెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు, గబగబా 108కు చెయ్. ఆటో కోసం వెతకొద్దు, అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది. ఫైలు, మందుల సంచి, నీ నోటు పుస్తకం మూడూ ఒకే చోట తలుపు దగ్గర ఉండాలి.

నడక గురించి నువ్వు అడగలేదు కానీ, మంచంలోంచి లేవడం లేదన్న మాట నాకు నచ్చలేదు. గుండె జబ్బు మనిషిని కదలనివ్వకపోవడమే సేవ అనుకునే రోజులు పోయాయి. ఆయాసం తగ్గి, బరువు నిలకడగా ఉన్నాక, డాక్టర్ సరేనంటే వాకిట్లో ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. నడుస్తూ నీతో మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే ఆగాలి. తిన్న వెంటనే వద్దు, ఎండలో వద్దు. లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. బాయి దగ్గరికి మోటరు పెట్టడానికి పోతానంటే ఇప్పట్లో వద్దు, వడ్ల బస్తా ముట్టుకోవద్దు. దొడ్లో గొంతుక్కూర్చుని ముక్కడం గుండె మీద బరువు, కుర్చీలాంటి కమోడ్ స్టాండు దొరుకుతుంది, లోపల గొళ్లెం వేసుకోవద్దని చెప్పు. బీడీ, తాగుడు మందు, కల్లు మూడూ బంద్, వీటి మీద బేరం లేదు. ఫ్లూ టీకా ఏడాదికోసారి వేయించడం గురించి అడుగు.

ఆయన కోపంగానో మౌనంగానో ఉంటే ఆశ్చర్యపడకు. పొలం చూసుకుని పది మందికి చెప్పిన మనిషి, ఇప్పుడు కోడలు గ్లాసు కొలిచి నీళ్లిస్తోంది. పోటు తర్వాత చాలామందికి దిగులు పడుతుంది, నిద్ర పట్టదు, తిండి మీద మనసు పోదు. రెండు వారాలకు మించి అట్లాగే ఉంటే డాక్టర్‌కు చెప్పాలి, దానికీ మందుంది. ఆ పుస్తకంలో బరువు ఆయన చేతే రాయించి చూడు. తన అంకె తానే రాసుకున్నవాళ్లు తొక్కు సీసా వైపు కొంచెం తక్కువ చూస్తారు.

ఇక నీ సంగతి. రాత్రుళ్లు ఒంటరిగా నువ్వొక్కదానివే మేల్కొని ఉంటే నెల తిరగకముందే నువ్వు మంచం పడతావు. మీ ఆయనకు పని చెప్పు. బాపు ఎట్లున్నడని రాత్రి అడిగే బదులు, పొద్దున నువ్వు పెట్టే పేజీ ఫోటో చూసి, నిన్నటి బరువుకూ ఇవాళ్టి బరువుకూ తేడా లెక్కగట్టడం ఆయన పని. తేడా ఎక్కువుంటే ఆస్పత్రికి ఫోన్ చేసి డాక్టర్‌తో మాట్లాడటం కూడా ఆయన పనే, దుబాయి నుంచి ఆ పని చక్కగా చేయవచ్చు. ఆడబిడ్డను నెలకు నాలుగు రాత్రులు వచ్చి తండ్రి దగ్గర పడుకోమను. రెండో రాత్రికి ఆమె మాట మెత్తబడుతుంది.

సర్వపిండి మిగిలింది. చేసి పెట్టు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ, కరివేపాకు, ఉల్లికాడలు దండిగా వేసి, నూనె తక్కువగా, మామ డబ్బాలో ఆ పూటకు మిగిలిన ఉప్పుతోనే తడుపు. ఒక్కటి చాలు. పిండి తడిపేటప్పుడు ఉప్పు డబ్బా నీ చేతిలోనే పెట్టుకో, నువ్వు అటు తిరిగితే అత్తమ్మ ఇంకో చిటికెడు వేస్తుంది.